తక్కెడ చూచువారు: విద్యాశాఖను, హోం శాఖను పరిశీలించు సంఘములు



ఈ దినము నేను మాటలాడ దలచిన విషయము పేరు చెప్పినంతనే మీలో కొందరికి ఆవులింత రావచ్చును. ‘పార్లమెంటు స్థాయీ సంఘములు’ అని దానికి పేరు. ఢిల్లీలో ఎవరో కూర్చుండి ఏవో కాగితములు చూచుకొనుట మనకేల యని మీకు తోచవచ్చును. కాని మన ఊరి బడికి పంతులు వచ్చుటకును, పిల్లవాడు తప్పినచో ఏ తరగతిలో కూర్చుండవలెనో నిర్ణయించుటకును, ఠాణా మెట్లెక్కిన పేదవానిపై ఏ చట్టము నడచునో తేలుటకును ఆ కాగితములతో సంబంధము గలదు. కావున ఆ పెద్ద పేరును కొంతసేపు ప్రక్కన నుంచి, హైదరాబాదులోని ఒక అంగడి నుండి నా మాట మొదలు పెట్టెదను.

అబిడ్సుకును నాంపల్లికిని చేరువలో మొజంజాహీ మార్కెట్టు గలదు. మీలో చాలమంది చూచియే యుందురు. రాతితో గట్టిన కమానులు, నడుమ గడియారపు బురుజు, చుట్టును పండ్ల దుకాణములు, పూల దుకాణములు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున, 1935లో, ఆయన రెండవ కుమారుడు మొజం జా పేరిట దానిని గట్టిరి. అచ్చటి నుండి నాంపల్లి దారి పట్టి తిన్నగా నడచినచో పబ్లిక్ గార్డెన్సు వచ్చును. దాని ప్రక్కన తెల్లని గుమ్మటములతో నున్నది శాసనసభా భవనము. అదియు మొదట సభాభవనముగా గట్టినది గాదు. టౌను హాలుగా మొదలిడి 1913లో పూర్తి గావించిరి. అంగడికిని సభకును నడుమ దూరము ముసలివాని నడకకైనను పెద్ద యెడము గాదు.

1969వ సంవత్సరమున నాకు తొమ్మిదేండ్లు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమము సాగుచుండుటచే, మా నాన్నగారు నన్ను చేర్చిన పట్టణపు బడి నెలల తరబడి మూతపడి యుండెను. సీతాఫలముల కాలమున ఆయన ఏదో పనిమీద హైదరాబాదు వచ్చుచు నన్ను వెంట బెట్టుకొని వచ్చిరి. మొజంజాహీ మార్కెట్టులో ఒక ముసలి సాయిబు వద్ద పండ్లు తూయించుచుండగా నేను, “నాన్నగారూ, మన బడి ఎప్పుడు తెరుతురు?” అని యడిగితిని. ఆయన నాంపల్లి వైపు చేయి చూపి, “అక్కడ మన బడుల కొరకే ఒక సంఘము వేసినారు నాయనా. వాండ్ల మాట చెల్లినట్లయితే ఇంత దూరము వచ్చెడిదే కాదు” అనిరి. నాకేమియు బోధపడలేదు.

తక్కెడ ఎత్తి పట్టుకొనియున్న ఆ సాయిబు మాత్రము నవ్వి, “పంతులు సాబ్, కాంటా చూసెటోడు ముందర నిలబడితెనే ముల్లు సీదా నిలబడ్తది. చూసెటోడు మొహం తిప్పుకుంటే కాంటా ఏం జేస్తది?” అనెను. ఆ మాట నేను మరువలేదు. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ పండ్ల వర్తకుని మాటకు వ్యాఖ్యానమే యనుకొనుడు.

ప్రభుత్వము తూచి యిచ్చునది. బడులకింత, పోలీసులకింత, రోడ్లకింత యని తూచును. తూచువాడు దొంగ యని మన మనుటలేదు. కాని తూచువానికి ఎదురుగా చూచువాడొక డుండవలెను. చూచువాడు తానే దుకాణము నడుపరాదు, తక్కెడ చేత బట్టరాదు. ముల్లు ఎటు మొగ్గినదో చూచి, గట్టిగా చెప్పుటయే వాని పని.

ఈ ధర్మము మనకు క్రొత్తది గాదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చిన ఘట్టము మీరెల్లరు విన్నదే. నన్నయభట్టు తెలుగు చేసిన పర్వములలో అదియొకటి. ఆ మహర్షి వచ్చి ఆశీర్వదించి యూరకుండలేదు. వరుసగా ప్రశ్నలు వేసెను. భటులకు జీతములు కాలమునకు ముట్టుచున్నవా? రాజ్యమున చెరువులు నిండియున్నవా? రైతునకు విత్తనము లోటు లేకున్నదా? మంత్రులను పరీక్షించి నియమించితివా? ఇట్టివి ఎన్నియో యడిగెను. నారదునకు సైన్యము లేదు, ఖజానా లేదు. రాజును దింపు నధికారము లేదు. అయినను ధర్మరాజంతటివాడు చేతులు కట్టుకొని విని సమాధానము చెప్పెను. అడుగుటయే ఆ ఋషి యధికారము. పార్లమెంటు సంఘముల యధికారము సరిగా నిట్టిదే.

అడుగువారు లేని కాలము మన హైదరాబాదు సంస్థానమున నుండెను. ప్రజలందరు వోటు వేసి యెన్నుకొన్న సభ యనునది 1952 వరకు ఇచ్చట లేదు. 1929లో ‘గష్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు వెలువడెను. సభ జరుపుకొనుటకు ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని దాని సారాంశము. ప్రజలు స్వయముగా నడుపుకొను ఖాన్గీ బడులకును అనుమతుల చిక్కులుండెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినప్పుడు, సభ జరుపుకొనుటకే యనుమతి కొరకు పాట్లు పడవలసి వచ్చెను. ఇందు గమనింపదగిన దేమనగా, బడి విద్యాశాఖ విషయము, సభలపై నిఘా పోలీసుల విషయము. అయినను ఆ రెండును ఒకే తాడుతో ముడివడి యుండెను. పిల్లలకు చదువు చెప్పుటయు రాజ్యమునకు భయము కలిగించు పనియైనప్పుడు, విద్యాశాఖకును హోం శాఖకును నడుమ గోడ యుండదు.

స్వతంత్రము వచ్చిన పిమ్మటను ఆ ముడి విడిపోలేదు. 1952లో బూర్గుల రామకృష్ణారావుగారి ప్రభుత్వ మేర్పడిన కొలది నెలలకే, స్థానికులు గాని ఉపాధ్యాయులను నియమించుచున్నారని వరంగల్లులో విద్యార్థులు ఆందోళన మొదలిడిరి. అది హైదరాబాదునకు ప్రాకెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ పరిసరములలో పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. మొదలు చూచిన నది పంతుళ్ల నియామకపు తగవు, చివర చూచిన నది తుపాకి. విద్యాశాఖలో మొదలైన ప్రశ్నకు హోం శాఖ జవాబు చెప్పెను. తరువాత జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిగారు ఆ కాల్పులపై విచారణ జరిపిరి.

న్యాయవిచారణ గౌరవనీయమైనది. కాని అది పీనుగ లేచిన తరువాత వచ్చునది. నియామకములలో అన్యాయము జరుగుచున్నదను మాట పిల్లల నోటికి వచ్చుటకు ముందే, విద్యాశాఖాధికారిని పిలిచి, “ఏ జిల్లాలో ఎందరిని వేసితిరి? ఏ నియమముతో వేసితిరి? కాగితము చూపుడు” అని యడుగు పెద్దలు కొందరుండవలెను. విచారణ గడచినదానిని చూచును. స్థాయీ సంఘము రాబోవుదానిని చూచును. ఈ రెంటికిని గల భేదము మీరు మనసున నుంచుకొనవలెను.

అట్టి పెద్దల సంఘమొకటి మన నాంపల్లిలోనే యుండెనని మీలో ఎందరికి జ్ఞప్తి యుండునో తెలియదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కూర్చుండి ఒక యొడంబడిక చేసికొనిరి. అటువైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలము సంజీవరెడ్డి మొదలగువారు. ఇటువైపు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నర్సింగరావు. దానినే పెద్దమనుషుల ఒప్పందమందురు. తెలంగాణమునకు ఇరువదిమంది సభ్యులతో ఒక ప్రాంతీయ మండలి యుండవలెననియు, హోం, ఆర్థిక, రెవిన్యూ, ప్రణాళిక, వాణిజ్య పరిశ్రమల శాఖలలో రెండు తెలంగాణ మంత్రులకు చెందవలెననియు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెననియు అందు వ్రాసికొనిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. మొదటి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రి పదవి నింపబడలేదు.

మండలి యని వ్రాసికొన్నది, రాజ్యాంగపు 371వ యధికరణము క్రింద 1958 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఉత్తరువుతో వెలసినప్పుడు, శాసనసభకు లోబడిన ప్రాంతీయ సంఘముగా మారెను. తెలంగాణము నుండి ఎన్నికైన శాసనసభ్యులే అందు సభ్యులు. కె. అచ్యుతరెడ్డిగారు మొదటి అధ్యక్షులు. దానికి ఒప్పగించిన విషయముల పట్టికను వినుడు: స్థానిక స్వపరిపాలనము, ప్రజారోగ్యము, ప్రాథమిక మాధ్యమిక విద్య, తెలంగాణ విద్యాసంస్థలలో ప్రవేశముల క్రమబద్ధీకరణము, మద్యనిషేధము, వ్యవసాయ భూముల విక్రయము, కుటీర పరిశ్రమలు, వ్యవసాయము, సహకార సంఘములు, సంతలు, అంగళ్లు. చూచితిరా! సీతాఫలములు తూచు అంగడియు, మూతపడిన నా బడియు ఒకే సంఘము పట్టికలో నుండెను. మా నాన్నగారు చేయి చూపినది ఆ సంఘము వైపే.

ఈ విషయములపై తెలంగాణమునకు సంబంధించిన బిల్లు వచ్చినచో దానిని ఆ సంఘమునకు పంపవలెను. సంఘము తన సలహా చెప్పును. ప్రభుత్వమును సభయు సాధారణముగా ఆ సలహాను పాటింపవలెను. భేదము వచ్చినచో గవర్నరు నిర్ణయమే తుది నిర్ణయము. కాగితముమీద ఇది చక్కని యేర్పాటు. కాని పట్టికలో లేని వానిని కూడ చూడుడు. పోలీసు లేదు. ఉద్యోగ నియామకములు లేవు. ఆదాయ వ్యయముల లెక్కపై గట్టి యధికారము లేదు. తెలంగాణమున మిగులు సొమ్ము తెలంగాణముననే వ్యయపరుపవలెనని ఒప్పందమున వ్రాసియుండెను. సంఘము ఆ మిగులు మాట నెన్నియో సార్లు లేవనెత్తెను. సలహా చెప్పుట సంఘము వంతు, సొమ్ము విడుదల చేయుట వేరొకరి వంతు. ముల్లు వంగినదని చూచినవాడు చెప్పుచునే యుండెను, వినవలసినవాడు మొగము త్రిప్పుకొనెను.

1969 జనవరిలో ఆ నిప్పు రాజెను. ఆ నెల 19న అఖిలపక్ష సమావేశము జరిపి, మిగులు నిధుల లెక్క తేల్చుటకును, రక్షణలను అమలు జరుపుటకును ఒప్పుకొనిరి. అప్పటికే ఆలస్యమైనది. మార్చి నెలలో సుప్రీము కోర్టు, తెలంగాణమున ఉద్యోగములకు నివాస నియమము విధించు 1957 నాటి చట్టభాగమును కొట్టివేసెను. చదువుకొను పిల్లలు వీధులలో పడిరి, కాల్పులు జరిగినవి, పలువురు మరణించిరి. జువ్వాడి చొక్కారావుగారు ఆ కాలమున ప్రాంతీయ సంఘాధ్యక్షులు. పదునొకండేండ్లుగా ఏ సంఘము మాట ఖాతరు చేయబడలేదో, ఆ సంఘమునకే మరికొంత బలము కూర్చెదమని పాలకు లప్పుడు పలికిరి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనగా నిదియే గదా!

నాకు చదువులో ఒక యేడు వెనుకపడెను. నా తోడివారిలో కొందరు మరల బడి ముఖము చూడలేదు. వారి చేతులకు నాగళ్లు వచ్చినవి. నేను సంస్కృత పాఠశాలలో చేరి, పండిత పరీక్ష నిచ్చి, తెలుగు పంతులనైతిని. ఒక్కొక్క దినమున హాజరు పట్టీ తీసి పేర్లు పిలుచుచుండగా, ఆ 1969వ సంవత్సరపు పట్టీలో పలుకకపోయిన పేర్లు నాకు వినవచ్చెడివి. ఒక సంఘము సలహాను త్రోసిపుచ్చుట కాగితపు వ్యవహారమని ఎవరైనను అన్నచో నాకు కోపము వచ్చుట కదియే కారణము.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పెదను. 1972లో సుప్రీము కోర్టు ముల్కీ నియమములు చెల్లునని తీర్పు చెప్పగా, ఈసారి ఆంధ్ర ప్రాంతము భగ్గుమనెను. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రముల పథకము వచ్చెను. ముల్కీ నియమములును, ప్రాంతీయ సంఘమును ఇక నక్కరలేదని అందు వ్రాసిరి. రాజ్యాంగమునకు 32వ సవరణ చేసి, 371-డి యధికరణమును చేర్చిరి. దాని క్రింద 1975లో రాష్ట్రపతి ఉత్తరువు వెలువడెను. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడని దాని ముఖ్య నియమము. చక్కని నియమమే. కాని దాని నడకను శాసనసభ పక్షమున నిత్యము కనిపెట్టియుండు ప్రాంతీయ సంఘము లేకపోయెను. ఫలితమేమి? నియమము తప్పిన నియామకములను సరిదిద్దుటకు 1985 డిసెంబరు 30న 610 సంఖ్య గల ప్రభుత్వ ఉత్తరువు నీయవలసి వచ్చెను. ఆ యుత్తరువు అమలు గాలేదని విచారించుటకు 2001లో గిర్‌గ్లానీ కమిషను వేయవలసి వచ్చెను. నియమమును వ్రాయుటకు ఒక దినము చాలును. దానిని కావలి కాయుటకు ప్రతి దినమును కావలెను. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైన సంగతి మీకు విదితమే.

ఇప్పుడు ఢిల్లీకి పోదము. అచ్చటి పార్లమెంటున 1989లో మూడు విషయములకు మాత్రము సంఘములు వేసి చూచిరి. 1993లో శాఖలన్నిటిని పంచి 17 స్థాయీ సంఘములు నెలకొల్పిరి. 2004లో వానిని 24 గావించిరి. ఒక్కొక్క సంఘమున 31 మంది సభ్యులు: లోక్ సభ నుండి 21, రాజ్యసభ నుండి 10. అన్ని పక్షములవారును అందుందురు. మంత్రి సభ్యుడు కారాదు. సభ్యుడైన పిమ్మట మంత్రియైనచో సంఘము విడువవలెను. తూచువాడును చూచువాడును ఒక్కడు కారాదను నియమ మిదియే. ఈ సంఘములలో ఎనిమిది రాజ్యసభాధ్యక్షుని పర్యవేక్షణమున నున్నవి. హోం వ్యవహారముల సంఘమును, విద్య, మహిళలు, శిశువులు, యువజనులు, క్రీడలు అను విషయముల సంఘమును ఆ యెనిమిదింటిలోనివి.

వాని పనులు ముఖ్యముగా నాలుగు. మొదటిది, ఆయా శాఖలు ఏటేట కోరు పద్దులను పరిశీలించుట. బడ్జెటు ప్రవేశపెట్టిన పిదప సభలు కొన్ని వారములు విరామము పుచ్చుకొనును. ఆ విరామమున సంఘములు కూర్చుండి, శాఖా కార్యదర్శులను పిలిపించి, పోయిన యేడు ఇచ్చినదెంత, వ్యయపరచినదెంత, మిగిలిన దేల మిగిలినది యని యడుగును. లోక్ సభలో కాలము చాలక పెక్కు శాఖల పద్దులు చర్చ లేకయే ఒక్కుమ్మడిగా నెగ్గిపోవుచుండును. అట్టి పద్దులను పంక్తి పంక్తిగా చదువు చోటు ఈ సంఘము గది యొక్కటియే. రెండవది, సభాధ్యక్షులు పంపిన బిల్లులను పరిశీలించుట. మూడవది, శాఖల వార్షిక నివేదికలను చూచుట. నాలుగవది, సభల ముందుంచిన దీర్ఘకాలిక విధానములను విమర్శించుట. దైనందిన పరిపాలనలో మాత్రము వేలు పెట్టరాదు. ఫలానా పంతులును బదిలీ చేయుడు, ఫలానా జమాదారును తొలగింపుడు అనుట వారి పని గాదు.

సంఘము సమావేశములు తలుపులు మూసి జరుగును. పత్రికలవారికి ప్రవేశము లేదు. ఇది లోపమని కొందరందురు. అందొక గుణమును గలదు. చూచువారు లేనిచోట సభ్యుడు తన పక్షపు బావుటాను ద్వారము వద్ద నుంచి లోనికి వచ్చును. మన ఊరి రచ్చబండపై నలుగురి యెదుట ఎదురెదురుగా కేకలు వేసికొన్నవారే, చావడి లోపల చాపమీద కూర్చుండినప్పుడు తగవు తీర్చుకొనుట మీరు చూడలేదా? నివేదిక సిద్ధమైన పిదప సభలలో నుంతురు, అప్పుడది అందరిదియు నగును. ఒప్పుకొననివాడు తన యసమ్మతిని వ్రాసి దానికి జతపరుపవచ్చును. మూడు నెలలలోపల ఏ సిఫారసుపై ఏమి చేసినది ప్రభుత్వము తెలుపవలెను. ఆ జవాబుపై సంఘము మరల నివేదిక వ్రాయును. సిఫారసుల అమలును గూర్చి మంత్రి ఆరు నెలల కొకసారి సభలో ప్రకటన చేయవలెను.

మాటలు చాలును, దృష్టాంతములు చూతము. 2023 ఆగస్టు 11న శిక్షాస్మృతి, నేరవిచారణ విధానము, సాక్ష్యము అను మూటికిని పాతచట్టముల స్థానమున క్రొత్త బిల్లులు లోక్ సభలో ప్రవేశపెట్టి, హోం వ్యవహారముల సంఘమునకు పంపిరి. నవంబరులో సంఘము నివేదికలిచ్చెను. చిన్న నేరములకు ‘సమాజసేవ’ యను శిక్ష పెట్టిరి గాని, సమాజసేవ యన నేమో చెప్పలేదని సంఘము ఎత్తిచూపెను. ‘మానసిక వ్యాధి’ యను మాట మిక్కిలి విశాలమైనదనియు, పాతచట్టమున నున్న మతిస్థిమితము లేకుండుట యను మాటయే తగినదనియు చెప్పెను. ప్రభుత్వము బిల్లులను వాపసు తీసికొని, డిసెంబరులో ఈ రెండును సవరించి మరల తెచ్చెను. పరస్త్రీగమనమును స్త్రీపురుష భేదము లేక నేరముగా నిలుపవలెనన్న సిఫారసును మాత్రము ప్రభుత్వము పాటింపలేదు. ప్రతిపక్ష సభ్యుల యసమ్మతి పత్రములును నివేదికలలో చేరియున్నవి. ఆ చట్టములు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. సంఘము మాట కొంత చెల్లెను, కొంత చెల్లలేదు. ఠాణాలో ఇక మనవానిపై నడచు చట్టమున ఆ చెల్లిన మాటలు గలవు.

విద్యా విషయమున రెండు దృష్టాంతములు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఎనిమిదవ తరగతి వరకు పిల్లవానిని తప్పించి నిలుపరాదు. 2017లో దానిని సవరించి, ఐదు, ఎనిమిది తరగతులలో పరీక్ష పెట్టుటకును, మరల నవకాశమిచ్చిన పిమ్మటను ఉత్తీర్ణుడు గానిచో నిలుపుటకును రాష్ట్రములకు వీలు కల్పించు బిల్లు తెచ్చిరి. అది సంఘమునకు పోయి, పరిశీలింపబడి, 2019లో చట్టమాయెను. రెండవది, ఆడపిల్ల వివాహ వయస్సును 21 ఏండ్లకు పెంచుటకు 2021 డిసెంబరులో తెచ్చిన బిల్లు. దానిని విద్యా సంఘమునకే పంపిరి. గడువు పొడిగింపబడుచు పోయి, 2024లో లోక్ సభ రద్దు కాగా ఆ బిల్లును గతించెను. సంఘము పనిని పదును పెట్టగలదు, పడుకోబెట్టగలదు కూడ. కావున సంఘమును సైతము చూచువాడొక డుండవలెను.

మన తెలుగువారైన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు ఒకప్పుడు హోం వ్యవహారముల సంఘమున కధ్యక్షులు. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరము తరువాత, స్త్రీలపై నేరముల చట్టసవరణ బిల్లుపై 2013లో నివేదిక యిచ్చినది ఆ సంఘమే. పిమ్మట 2017 నుండి 2022 వరకు రాజ్యసభాధ్యక్షులుగా నున్నప్పుడు ఆయన, సంఘముల సమావేశములకు సభ్యులు సరిగా రాకుండుటను గూర్చి బహిరంగముగా మందలించిరి. బడికి పిల్లలు రానిచో పంతులు కేకవేయును. సభ్యులు రానిచో కేకవేయవలసినవా రెవరు? వారిని పంపిన మనమే.

లోపములు దాచను. అన్ని బిల్లులును సంఘములకు పోవు, పంపుట పంపకుండుట సభాధ్యక్షుల ఇచ్ఛ. సంఘము కాలము ఒక్క యేడు మాత్రమే, సభ్యుడు విషయము నేర్చుకొనునంతలో ఆ యేడు గడచును. సిఫారసు కట్టుబాటు గాదు, హితవు మాత్రమే. అయినను హితవు వ్రాతలో నున్నచో దానికొక శక్తి గలదు. పది యేండ్ల తరువాతనైనను ఎవరో తీసి, “ఆనాడే చెప్పిరి గదా, ఏల వినలేదు?” అని యడుగగలరు. ప్రాంతీయ సంఘము మాటల విషయమున జరిగినది సరిగా నిదియే. విననివారు పోయిరి, మాట నిలిచెను.

ఇక మన మేమి చేయగలము? ఈ సంఘములు పలుమారు పత్రికలలో ప్రకటన వేసి, ఫలానా బిల్లుపై ప్రజలు తమ యభిప్రాయములు వ్రాసి పంపవచ్చునని కోరును. చదువు వచ్చిన ఏ పౌరుడైనను వ్రాయవచ్చును. నేనొకసారి విద్యకు సంబంధించిన ప్రకటన చూచి రెండు పుటలు వ్రాసి పంపితిని. పల్లెబడిలో ఒక్క పంతులు ఐదు తరగతులకు చెప్పుచుండగా, పిల్లవాడు తప్పినచో ఆ తప్పు ఎవరిదని నా ప్రశ్న. నివేదిక వచ్చిన పిదప మా మనుమని చేత యంత్రమున తెరిపించి చదివించితిని. నా పేరు లేదు, నా మాటయు లేదు. కొంత చిన్నబోయితిని. పిమ్మట నాకు నేనే చెప్పుకొంటిని: నాగలి వెంట నడచువాడు ప్రతి గింజ మొలకను తన పేరుతో పిలుచునా? చల్లుట వాని పని. మీరును వ్రాయుడు. ఊరికి పదిమంది వ్రాసినచో గదిలోని సభ్యుడు ఆ కట్టను ప్రక్కకు నెట్టుటకు సంకోచించును.

అంతకంటె చేరువలో మరియొక సంఘము గలదు. విద్యాహక్కు చట్టము ప్రతి సర్కారు బడికిని ఒక యాజమాన్య సంఘ ముండవలెనని చెప్పినది. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావలెను, సగము మంది స్త్రీలు కావలెను. బడికి వచ్చిన సొమ్ము ఎట్లు వ్యయమైనదో చూచుట దాని పని. నేను పనిచేసిన చోట్ల ఆ సంఘపు దస్త్రములో సంతకములు చూచితిని గాని, ప్రశ్నలు అరుదుగా చూచితిని. మధ్యాహ్న భోజనపు బియ్యమెంత వచ్చినది, సుద్దముక్కలకు సొమ్మున్నదా, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరున్నదా యని యడుగుట ఢిల్లీ సంఘము చేయు పనికి చిన్న రూపమే. ఇచ్చట అడుగుట నేర్వనివాడు అచ్చట అడుగువానిని ఎట్లెన్నుకొనగలడు?

క్రిందటి సీతాఫలముల కాలమున నేను మరల మొజంజాహీ మార్కెట్టునకు పోయితిని. కట్టడమును బాగుచేసి 2020 ఆగస్టులో మరల తెరచిరి. రాళ్లు కడిగిన ముఖమువలె నున్నవి. వెనుకటి పండ్ల టోకు బేర మక్కడ లేదు. ఆ ముసలి సాయిబు ఏనాడో కాలము చేసియుండును. నేను కొన్నచోట ముల్లు తక్కెడ లేదు, అంకెలు చూపు యంత్రము గలదు. పండ్లు పెట్టక ముందే అది కొన్ని గ్రాములు చూపుచుండెను. “నాయనా, ముందు సున్నకు రానిమ్ము” అంటిని. ఆ కుర్రవాడు నవ్వి మీట నొక్కెను. సున్న వచ్చెను. తరువాత తూచెను.

యంత్రము మారినను ఆ ముసలివాని మాట మారలేదు. ఎదుట నిలబడి చూచుటయే మన పని. ప్రభుత్వము మనది, తక్కెడ మనది, అందు తూగునది మన పిల్లల చదువు. మొగము త్రిప్పుకొనకుడని మిమ్ములను వేడుకొనుచు, ఇంతటితో విరమించుచున్నాను.